నీళ్ళలోకి దిగిపోయిన బాట



పోయిన ఫిబ్రవరిలో మా సంఘ యవ్వనస్తులను తీసుకొని రెండు రోజుల నడక యాత్రకు వెళ్ళివచ్చాం. మేము దంపతులం, పన్నెండుమంది పిల్లలు, మొత్తం పద్నాలుగు మందిమి. మన ప్రభువు పరిచర్య చాలామట్టుకు కాలినడకనే సాగింది గదా. గలిలయలో ఊరూరా నడిచాడు, యెరూషలేముకు నడిచాడు, తిరిగి లేచిన దినాన కూడా ఎమ్మాయు దారిలో ఇద్దరితో కలిసి నడిచాడు. యానాంలో మా పిల్లలు వీధి చివరి కొట్టుకు వెళ్ళాలన్నా బండి తీస్తారు. రెండు రోజులు నడిపిద్దాం, నడుస్తూ వాక్యం చెబుదాం అనుకున్నాం. అంతకు మించి ఆలోచించలేదు.

మొదటి రోజు ధవళేశ్వరం: కాటన్ దొర బంగళా, ఆనకట్ట, పక్కనున్న కొండ. రెండో రోజు దేవీపట్నం పైనున్న కొండలు. మొదటిది మేము ఎంచుకున్నాం. రెండోది ఎంచుకున్నది మా దగ్గర ఉంటూ డిగ్రీ చదువుకుంటున్న కొండరెడ్ల కుర్రవాడు. "మా కొండ చూపిస్తానండి, దగ్గరేనండి" అన్నాడు. సరే అన్నాం.

తెల్లవారుజామున తూఫాన్ బండిలో, ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చొని బయలుదేరాం. ద్రాక్షారామం, రామచంద్రపురం దాటాం. దారి పొడుగునా రెండు పక్కలా దాళ్వా చేలు పచ్చగా ఉన్నాయి. కడియం నర్సరీల దగ్గర పిల్లలు ఫొటోలు దిగారు. ఎండ ముదరక ముందే ధవళేశ్వరం చేరాం.

కాటన్ దొర నివసించిన బంగళా ఇప్పుడు మ్యూజియం. చుట్టూ చెట్లు, ఆవరణలో ఆనకట్ట పనికి వాడిన పాత యంత్రాలు, లోపల ప్రాజెక్టుల నమూనాలు ఉన్నాయి. అక్కడినుంచి ఏటివైపు నడిచి ఆనకట్ట మీదికి వెళ్ళాం. కాటన్ కట్టిన పాత ఆనకట్ట ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మధ్యలో లంకలు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం నడిచేది దాని స్థానంలో కట్టిన బ్యారేజి, 1982లో పూర్తయింది. మొత్తం 175 గేట్లు. మా పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్పై దగ్గర మానేశారు.

తర్వాత కొండ. మీద జనార్దనస్వామి గుడి ఉంది. గుడికి వెళ్ళే భక్తుల వెనకే మెట్లెక్కి, గుడికి ఇవతల నీడలో ఆగాం. అక్కడినుంచి చూస్తే గోదావరి ఎంత వెడల్పో తెలుస్తుంది. ఇక్కడే నది గౌతమి, వశిష్ఠ అని చీలుతుంది. ఆ ఎడమ పాయే మా యానాం పక్కగా పోయి సముద్రంలో కలిసే మా గౌతమి. ఆనకట్టకు కావలసిన రాయి ఈ ధవళేశ్వరం కొండనుంచే తీశారు. ఆ రాయిని ఏటిదాకా తేవడానికి 1845లోనే ఇక్కడ పట్టాలు వేశారు. బొంబాయినుంచి ఠాణాకు ప్రయాణికుల రైలు నడిచింది 1853లో గనుక, దానికి ఎనిమిదేళ్ళ ముందే మన ధవళేశ్వరంలో రాతి బండ్లు పట్టాల మీద నడిచాయన్నమాట.

పులిహోర పొట్లాలు విప్పి కూర్చున్నాక, సెమినరీలో డిప్లొమా చదివిన రోజులనుంచి మేము చెబుతూ వస్తున్న ప్రసంగమే మళ్ళీ చెప్పాం. 1833 ప్రాంతంలో వచ్చిన కరువులో ఈ జిల్లాలు ఎలా అల్లాడిపోయాయో చెప్పాం. 1839లో ఉప్పెన వచ్చి మనకు కూతవేటు దూరంలోని కోరంగి రేవును ఎలా ముంచేసిందో చెప్పాం. ఏటా ఇంత నీరు సముద్రం పాలవుతుంటే జనం ఆకలితో చావడమేమిటని వేదనపడిన ఒక దైవభక్తుడి గురించి చెప్పాం. ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న గురించి చెప్పాం. 1836లో ఈ దేశానికి వచ్చి, నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషను స్థాపించిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీల గురించి కూడా చెప్పాం. వాళ్ళు దొరబిడ్డలు కారు. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. ధవళేశ్వరంలో రాళ్ళు మోసే కూలీల మధ్యకు సువార్త వెళ్ళింది ఆ రోజుల్లోనే. మన డెల్టాలో హిందువులు కూడా స్నానం చేస్తూ కాటన్‌ను భగీరథుడితో పోల్చి తలుచుకునే శ్లోకం ఉందని చెబితే పిల్లలు ఆశ్చర్యపోయారు.

చివర "ప్రభువా, మాకు ఈ నీళ్ళు ఇచ్చినందుకు స్తోత్రం" అని ప్రార్థించాం. అందరూ ఆమెన్ అన్నారు. మేము కళ్ళు మూసుకొని ఉన్నాం గనుక మాకు తెలియలేదు. కిందికి దిగేటప్పుడు మా ఇంటావిడ మెల్లగా చెప్పింది. "మన కొండ పిల్లాడు ఆమెన్ అనలేదండీ. తల దించుకొని కూర్చున్నాడు." ఎండకు నీరసం వచ్చి ఉంటుందిలే అన్నాం.

ఆ రాత్రి రాజమండ్రిలో తెలిసిన సంఘంవారు వరండాలో చోటిస్తే పడుకున్నాం. మర్నాడు పొద్దున్నే గోకవరం మీదుగా కొండలవైపు సాగాం. దారిలో ఒక పునరావాస కాలనీ దగ్గర ఆగాం. వరసగా ఒకేలాంటి సిమెంటు ఇళ్ళు. పోలవరం ప్రాజెక్టు ముంపులో ఊళ్ళు పోయినవారి కోసం కట్టినవి. మా కుర్రవాడి తల్లిదండ్రులు, తాతగారు అక్కడే ఉంటారు. వాళ్ళ సంఘ కాపరి మాకు పాత స్నేహితుడు. ఆయన మా కంటే చిన్నవాడు, మమ్మల్ని అన్నగారూ అని పిలుస్తాడు. గ్లాసులతో టీ ఇచ్చి, "పదండన్నగారూ, ఎండెక్కక ముందే కొండెక్కాలి" అన్నాడు. తాతగారు కూడా చేతికర్ర తీసుకొని లేచారు. డెబ్బై దాటిన మనిషి, కాళ్ళకు చెప్పుల్లేవు. వద్దు తాతా అంటే నవ్వి ముందు నడిచారు.

రోడ్డు ఆగిన చోట బండి దిగాం. అక్కడినుంచి కాలిబాటే. టేకు, మద్ది, ఇప్పచెట్ల మధ్యగా, వెదురు పొదల పక్కగా, ఒకరి వెనక ఒకరు పట్టేంత సన్నటి బాట. మా పిల్లల స్పోర్ట్స్ బూట్లు గులకరాళ్ళ మీద జారుతుంటే, హవాయి చెప్పులతో మా కొండ కుర్రవాడు మేకపిల్లలా పోతున్నాడు. యానాంలో ఏనాడూ నోరు విప్పనివాడు ఇక్కడ ఆగకుండా మాట్లాడుతున్నాడు. ఇది జీలుగు చెట్టండి, దీని కల్లు తీస్తారండి. ఇక్కడ మా అమ్మ పోడు కొట్టిందండి. సంతరోజు ఈ బాటనే వచ్చేవాళ్ళమండి, ఈ రాయి దగ్గర బరువు దించి కూర్చునేవాళ్ళమండి. ఆ రాయి మీద కూర్చుని మేమూ నీళ్ళు తాగాం. ఎన్ని తరాల వాళ్ళు కూర్చున్నారో, రాయి నున్నగా పీటలా ఉంది.

గంటన్నర నడిచాక కొండ మలుపు తిరిగాం. కింద గోదావరి. ఎదురుగా నీలంగా పాపికొండల వరస. పిల్లలు ఒక్కసారిగా కేక పెట్టి ఫోన్లు తీశారు. అందంగా లేదని అనలేం. అబద్ధమవుతుంది.

బాట అక్కడినుంచి కిందికి దిగుతోంది. ముందు కుర్రవాడు, వెనక మేము దిగాం. దిగి దిగి బాట తిన్నగా నీళ్ళలోకి పోయింది. అంతే. గట్టూ లేదు, రేవూ లేదు. పశువులు నడిచి నడిచి గాడిపడిన బాట, ఆ గాడి అలాగే నీళ్ళ అడుక్కి దిగిపోతూ కొంతదూరం కనబడింది, తర్వాత కనబడలేదు. కాస్త అవతల కరెంటు స్తంభాల తలలు నీళ్ళ పైన వరసగా ఉన్నాయి.

"ఇంకా రెండు మలుపులు తిరిగితే మా ఇల్లండి" అన్నాడు కుర్రవాడు.

ఫోన్లు వాటంతట అవే జేబుల్లోకి వెళ్ళాయి.

ఎగువ కాఫర్ డ్యామ్ కట్టి 2021లో నదిని స్పిల్‌వే వైపు మళ్ళించాక నీరు వెనక్కి ఎగదన్నింది. దేవీపట్నం వైపు ఊళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ప్రాజెక్టు పూర్తయి నీటిమట్టం 45.72 మీటర్లకు చేరితే, ఆ రోజు మేము నిలబడిన చోటు కూడా ఉండదట. ఆ ప్రాజెక్టు ఆలోచన నిన్నటిది కాదు, 1940లలోనే రామపాదసాగర్ అనే పేరుతో మొదలైంది. అవసరమా కాదా, ఎవరికెంత పరిహారం వచ్చింది అనే వాదన ఇక్కడ పెట్టడం లేదు. అది తేల్చేంతటి వాళ్ళం కాము. కళ్ళతో చూసినది మాత్రం రాస్తున్నాం.

తాతగారు నీళ్ళ అంచున కూర్చుని కాళ్ళు కడుక్కున్నారు. మేము పక్కన కూర్చున్నాం. కాపరులం గదా, ఎవరింట కష్టం వచ్చినా చెప్పడానికి నాలుగు మాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఆ రోజు ఒక్కటీ రాలేదు. కాసేపటికి ఆయనే మా వైపు తిరిగి అడిగారు.

"మీ ఊళ్ళో ఈయేడు దాళ్వా బాగుందా అయ్యగారూ? నీళ్ళందుతున్నాయా?"

ఎత్తిపొడుపు కాదు ప్రియులారా. ఆ ముఖంలో వెతికి చూశాం, లేదు. ఒక సేద్యగాడు మరొక ఊరివాడిని అడిగే మామూలు కుశలప్రశ్న అది. "ఆయ్, పర్వాలేదు తాతా" అని మాత్రం అన్నాం. గొంతు సరిగా పెగల్లేదు.

ఎందుకు పెగల్లేదో ఇప్పుడు చెప్పాలి. చెప్పకపోతే ఈ నడకకు అర్థం లేదు.

2022 జూలైలో వచ్చిన గోదావరి వరద మీకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షల క్యూసెక్కుల దగ్గర ఇస్తారు. ఆ వరద 25 లక్షలు దాటింది. యానాంలో వీధుల్లోకి నీళ్ళొచ్చాయి, మా మందిరంలోకీ వచ్చాయి. చాపలు, పాటల పుస్తకాలు, మైకు సెట్టు అన్నీ తడిసిపోయాయి. నీళ్ళు తీసిన తర్వాత ఒకరోజు ఆ కొండ సంఘంనుంచి రెండు మూటలు వచ్చాయి. ఒకదాంట్లో చింతపండు, ఒకదాంట్లో చోళ్ళు. "మీకు వరదొచ్చిందని విన్నాం, మా సంఘం కానుక" అని కాగితం. అదే వరద వాళ్ళకూ వచ్చిందని, చివరిసారిగా ఆ ఊరు విడిచి కట్టుబట్టలతో కొండెక్కింది ఆ నెలలోనేనని మాకు అప్పటికి తెలియదు. అడగలేదు గనుక తెలియలేదు.

మరుసటి ఏడు ఆ తమ్ముడినుంచి ఉత్తరం వచ్చింది. కాలనీలో ఆరాధనకు చోటు లేదన్నగారూ, చెట్టుకింద కూడుకుంటున్నాం, వానొస్తే చెదిరిపోతున్నాం, ఒక షెడ్డుకు రేకులు ఇప్పించగలరా అని రాశాడు. కమిటీలో పెట్టాం. మన ప్రహరీ గోడ వరదకు పడిపోయింది, ముందు అది చూసుకుందాం అన్నారు. మేమూ సరే అన్నాం. గోడ కట్టాం. రంగు వేశాం. గేటు మీద శిలువ గుర్తు కూడా పెట్టించాం. ఉత్తరం మా బైబిలు కవరు జేబులోనే ఉండిపోయింది. ఆ తమ్ముడు మళ్ళీ అడగలేదు. ఈసారి మేము వెళ్తే టీ ఇచ్చి, కొండ చూపించాడు.

నీళ్ళ అంచున కూర్చున్నప్పుడు ఆ కవరు మా సంచిలోనే ఉంది.

దావీదు కథ అప్పుడు గుర్తొచ్చింది. 2 సమూయేలు 23వ అధ్యాయం చదవండి. బేత్లెహేము గవిని దగ్గర బావినీళ్ళు తాగాలని దావీదుకు ఆశ పుట్టింది. ముగ్గురు బలాఢ్యులు శత్రువుల దండులోంచి చొచ్చుకుపోయి ఆ నీళ్ళు చేది తెచ్చారు. దావీదు తాగలేదు. ప్రాణాలకు తెగించి తెచ్చిన ఈ నీళ్ళు వాళ్ళ రక్తంతో సమానమని, వాటిని యెహోవా సన్నిధిని పారబోశాడు. ఈ భాగం మీద మేము చాలాసార్లు ప్రసంగించాం, ఎప్పుడూ ఆ ముగ్గురి విశ్వాస్యత గురించే. దాహం వేసినవాడి బాధ్యత గురించి ఏనాడూ చెప్పలేదు. తాను అడిగిన నీళ్ళకు ఎవరు ఏమి వెల కట్టారో దావీదు చూశాడు. చూశాక ఆ నీళ్ళు మామూలు నీళ్ళుగా తాగడం అతని వల్ల కాలేదు.

మేము డెల్టావాళ్ళం. నీళ్ళు మానేయలేం. కాలువ శివారున ఉన్న మా భూములకు ఆ తడి అందకపోతే మా సంఘంలో సగం ఇళ్ళల్లో పొయ్యి వెలగదు. కాటన్ దొరను తలుచుకోవడమూ మానం. కాని ధవళేశ్వరం కొండ మీద ఆ కుర్రవాడు ఆమెన్ ఎందుకు అనలేకపోయాడో ఇప్పుడు తెలిసింది. నీళ్ళిచ్చినందుకు స్తోత్రం అని మేము అన్నప్పుడు, వాడి కళ్ళముందు వాడి ఇల్లు ఉంది. బంగళా చూపించాం, ఆనకట్ట చూపించాం, పేర్లు సంవత్సరాలు చెప్పాం. మా ఇంట్లోనే అన్నం తింటున్న బిడ్డను మాత్రం, ఏరా మీ ఊరు ఏమైంది అని రెండేళ్ళలో ఒక్కసారి అడగలేదు.

తిరుగు నడకలో వాడి పక్కన నడిచి, క్షమించరా అన్నాం. వాడు కంగారుపడి "అయ్యో అదేంటండీ" అని చేతిలో సంచి లాక్కున్నాడు. కాపరి తమ్ముడికి ఉత్తరం తీసి చూపించి తల దించుకున్నాం. "మీకు వరదొచ్చింది గదన్నగారూ" అన్నాడు. మా తప్పుకు సాకు కూడా ఆయనే వెతికి ఇచ్చాడు.

ఇంటికొచ్చి ఆ ఆదివారమే సంఘంలో ఇదంతా ఒప్పుకున్నాం. దాళ్వా కోతలయ్యాక కోత పండుగలో వచ్చే ప్రథమఫలాల కానుక ఈయేడు మొత్తం ఆ షెడ్డుకు పంపుదామని అడిగాం. అందరూ వెంటనే ఒప్పుకున్నారని రాయాలని ఉంది గాని, అలా జరగలేదు. శివారు రైతులం, మాకే చాలీచాలని నీళ్ళు, మా కష్టం ఎవరు చూస్తారు అని ఒక పెద్ద గట్టిగానే అన్నారు. ఆ మాటలోనూ న్యాయం ఉంది. చివరికి మా యవ్వనస్తులు లేచారు. ఆ రోజు గేట్లు లెక్కపెట్టి మానేసిన పిల్లలే. "అయ్యగారు చెప్పినట్టు కాదండీ, ఒకసారి మీరూ వచ్చి ఆ బాట చూడండి, తర్వాత మీ ఇష్టం" అన్నారు. సగం కానుకకు ఒప్పుకోలు కుదిరింది. మిగతా సగానికి ఇంకా ప్రార్థిస్తున్నాం.

మీరూ ఈ వైపు నడవాలనుకుంటే రెండు మాటలు. ధవళేశ్వరంలో బంగళా, ఆనకట్ట, కొండ ఒక్క పూటలో నడిచి చూడవచ్చు, పొద్దున్నే మొదలుపెట్టండి. కొండలవైపు మాత్రం ఊరివాళ్ళు తోడు లేకుండా వెళ్ళొద్దు. పాపికొండల అడవి 2008నుంచి జాతీయ ఉద్యానం, అటవీశాఖవారి అనుమతి లేకుండా లోపలికి నడవకూడదు. పడవ మీద వెళ్ళేవారు లైఫ్ జాకెట్ తీయకండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఎంతమంది పోయారో మరువకండి. కొండ ఎంత అందంగా ఉందో చూడండి, ఫొటోలు దిగండి. దిగాక, మీతో నడుస్తున్నవారిని మీ ఇల్లెక్కడ అని అడగండి.

ఈ శనివారం మా సంఘ పెద్దలు నలుగురిని వెంటబెట్టుకొని మళ్ళీ వెళ్తున్నాం. రేకుల డబ్బుతోపాటు కొత్త దాళ్వా బియ్యం ఒక బస్తా బండిలో వేస్తున్నాం. తాతగారి ముందు ఆ బస్తా దించి, ఆ రోజు సరిగా చెప్పలేకపోయిన జవాబు చెప్పాలి. బాగుంది తాతా, ఈయేడు దాళ్వా బాగుంది, నీళ్ళందాయి అని.

మా ప్రయాణం కొరకు, ఆ కొండ సంఘం కొరకు మీ ప్రార్థనలలో జ్ఞాపకం చేసుకొనండి. ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమెన్.